నాలుగేళ్ల పాపకు వయొలినా, పియానోనా?

పాపాయి_అమ్మ:
మా పాపకు ఈ మధ్యే నాలుగేళ్లు నిండాయి. పాట ఎక్కడ వినిపించినా ఆట ఆపి అటు తిరుగుతుంది, చేతికి దొరికిన వస్తువు మీద దరువు వేస్తుంది. వయొలిన్ గానీ పియానో గానీ నేర్పించాలని మా ఆలోచన. ఈ వయసుకు ఏది అనువైనది, రోజుకు ఎంతసేపు సాధన చేయించాలి, స్వరలిపి చదవడం ఎప్పుడు మొదలుపెట్టాలి? మా ఇద్దరికీ సంగీతం రాదు, పక్కన కూర్చోవడం వల్ల ప్రయోజనం ఉంటుందా?

తీగలపందిరి:
సందేహం లేకుండా వయొలిన్. మా అబ్బాయిని ఆ వయసులోనే చేర్పించాం, ఇప్పుడు ఎవరి శ్రుతి తప్పినా వాడే ముందు పట్టుకుంటాడు. ఒక్క సలహా ఏమిటంటే, పిల్లలు త్వరగా ఎదుగుతారు కనుక కొలతకు సరిపోయిన దానికన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి. మేము అలాగే చేశాం, చాలాకాలం వాద్యం మార్చవలసిన అవసరం రాలేదు.

కమాను:
దయచేసి ఆ సలహా పాటించకండి. నేను ఏళ్ల తరబడి పసిపిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను, నా దగ్గరకు వచ్చే వంకర భంగిమల్లో చాలావాటికి మూలం ఈ పెద్ద సైజే. బిడ్డ ఎడమచేయి చాచినప్పుడు వాద్యం మెడ చివర చుట్టతిరిగిన భాగాన్ని వేళ్లు సులువుగా చుట్టుకోవాలి, మోచేయి కొద్దిగా వంగి ఉండాలి. అలా లేకపోతే బిడ్డ భుజం ఎత్తుతుంది, మణికట్టు విరిచి పెడుతుంది, నాలుగో వేలు స్థానానికి చేరక స్వరం ఎప్పుడూ కిందికే పడుతుంది. పెద్ద చెప్పులు తొడిగి నడక నేర్పినట్టే ఇది.

తీగలపందిరి:
మా అబ్బాయి భుజం సమంగానే ఉంది, చూసినవారెవరూ వంక పెట్టలేదు. నేర్పేవారికి నెలకొక కొత్త వాద్యం కొనిపించడం తేలిక, ఆ భారం మోసేది తల్లిదండ్రులు.

కమాను:
కొనమని నేనెక్కడా అనలేదు. అద్దెకు తీసుకోవచ్చు, పెద్దపిల్లలు వదిలిన వాటిని వాడుకోవచ్చు. నా నిజాయితీని శంకించే ముందు నేను రాసినది మరొకసారి చదవండి.

లెక్కలమనిషి:
ఇంత వాదన అనవసరం. పిల్లల వయొలిన్ల సైజులను 1/4, 1/16 అని భిన్నాలతో చెబుతారు కదా, 1/4 అంటే పెద్దవారి వయొలిన్ పొడవులో నాలుగో వంతు, 1/16 అంటే పదహారో వంతు. బిడ్డ చేయి కొలిచి ఆ లెక్క ప్రకారం తెప్పించుకుంటే చాలు.

కమాను:
ఆ లెక్క పూర్తిగా తప్పండి. పూర్తి సైజు వయొలిన్ డొక్క (మెడ కాక మిగిలిన బోలు భాగం) పొడవు దాదాపు 14 అంగుళాలు, 1/4 ది దాదాపు 11 అంగుళాలు, 1/16 ది కూడా 9 అంగుళాల దగ్గర ఉంటుంది. ఆ భిన్నాలు పేర్లే తప్ప కొలతలు కావు. మీ లెక్క ప్రకారం 1/16 వయొలిన్ డొక్క అంగుళం కూడా ఉండదు.

నలుపుతెలుపు:
ప్రశ్నలో పియానో కూడా ఉన్నదని అందరూ మరచిపోయారు. వయొలిన్‌లో స్వరం పుట్టించడమే ఒక పెద్ద పని, తీగల మీద రాసే కమాను ఒత్తిడి కొంచెం మారితే కీచుమంటుంది. పియానో మీట నొక్కగానే శుద్ధమైన స్వరం పలుకుతుంది కాబట్టి పసిబిడ్డకు తొలిరోజునే సంతోషం దక్కుతుంది. అయితే కూర్చునే బల్ల ఎత్తు సరిచేసి, గాలిలో వేలాడే పాదాల కింద పీట వేయాలి, లేకపోతే ఒళ్లంతా బిగుసుకుంటుంది. కీబోర్డు కొనేటట్టయితే మీటలకు బరువు ఉన్నదే తీసుకోండి, బరువులేని మీటలకు అలవాటుపడిన వేళ్లు తరువాత అసలు పియానో మీద తడబడతాయి.

తీగలపందిరి:
స్వరం సిద్ధంగా దొరికితే చెవికి పనేముంది? నాలుగేళ్లు దాటాక మొదలుపెడితే స్వరజ్ఞానం రానే రాదు.

గొంతుముందు:
అంత తీవ్రమైన మాట చెప్పి ఒక తల్లిని భయపెట్టడం నాకు బాధ కలిగించింది. ఏ ఆధారమూ లేకుండా విన్న స్వరాన్ని గుర్తుపట్టే శక్తి ఆరేడేళ్ల లోపు సంగీతం మొదలుపెట్టినవారిలో ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజం. కానీ ఆ శక్తి లేని గొప్ప విద్వాంసులు ఎందరో ఉన్నారు, ఒక స్వరానికీ మరో స్వరానికీ మధ్య దూరాన్ని పట్టుకోవడం ఏ వయసులోనైనా సాధనతో వస్తుంది. హంగేరీకి చెందిన సంగీతకర్త జోల్తాన్ కొడాయ్ సంగీత శిక్షణకు గానమే పునాది అన్నాడు. ఏ వాద్యమైనా సరే, ముందు పాప ఆ వరుసను గొంతుతో పాడగలగాలి. పాడగలిగినదాన్ని వేళ్లు వెతుక్కుంటాయి.

పాపాయి_అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. పాప ఈల బొమ్మను వదలదు, అందుకని వేణువు ప్రయత్నించవచ్చా అని కూడా అడగాలనిపిస్తోంది.

నలుపుతెలుపు:
వేణువుకు తొందరపడకండి. ఆ వేళ్లు రంధ్రాలను పూర్తిగా మూయలేవు, గాలి పక్కనుంచి పోతుంది. పైగా పెదవిపై ఆనించి ఊదేవాటికి ముందుపళ్లు ఊడి, కొత్తవి వచ్చేదాకా పట్టు నిలవదు.

కమాను:
మీరు మొదట అడిగిన మిగతా ప్రశ్నలకు ఎవరూ జవాబు చెప్పలేదు. జపాన్ వయొలిన్ విద్వాంసుడు షినిచి సుజుకి పిల్లలు మాతృభాష నేర్చుకునే తీరునే సంగీతానికీ అన్వయించాడు. ఆ పద్ధతిలో బిడ్డ ముందు ఎంతో వింటుంది, తరువాత వాయిస్తుంది, చదవడం ఆ పైన వస్తుంది. అందుచేత స్వరలిపి గురించి ఇప్పుడు ఆలోచించకండి. తల్లి గానీ తండ్రి గానీ పాఠంలో కూర్చుని తొలి పాఠాలు తామూ నేర్చుకోవడం ఆ పద్ధతిలో ముఖ్యభాగం. మీకు సంగీతం రాకపోవడం అడ్డంకి కాదు, పాప ఎక్కడ ఇబ్బంది పడుతున్నదో మీ వేళ్లకే తెలుస్తుంది.

తీగలపందిరి:
పక్కన కూర్చుని ప్రతి తప్పునూ దిద్దే తల్లిదండ్రుల వల్ల వాద్యం ముట్టుకోవడం మానేసిన పిల్లలను చూశాను. ఈ విషయంలో కమాను గారితో నేను ఏకీభవించలేను.

కమాను:
దిద్దమని నేను చెప్పలేదు, కూర్చోమని చెప్పాను. ఒక విడతలో ఒకే విషయం చూడండి, ఈ రోజు కమాను పట్టు అయితే స్వరం ఎలా పలికినా వదిలేయండి. ఐదు నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడు విడతలు చాలు, పాప ఇంకా వాయిస్తానంటున్నప్పుడే పెట్టె మూసేయండి.