14 ఏళ్ల బాబుకి బైపోలార్: లిథియమా, రిస్పెరిడోనా?

గుంటూరు అమ్మ: మా వాడు మూడు వారాలుగా రాత్రికి రెండు గంటలు కూడా పడుకోవట్లేదు. అయినా అలుపు లేదు. అర్ధరాత్రి వాళ్ల నాన్న ఫోన్‌లో నలభై వేల సామాన్లు ఆర్డర్ పెట్టాడు. డాక్టర్ గారు మేనియా అని, అంటే బైపోలార్‌లో మనసు అదుపు తప్పి ఉరకలేసే దశ అని, రిస్పెరిడోన్ రాశారు. మా ఆడపడుచు "లిథియం ఎందుకివ్వలేదు?" అంటోంది. పిల్లల మీద జరిగిన పరిశోధన ఎవరైనా చదివారా అండీ?

డాలస్ రవళి: మా పాపప్పుడు చదివానండీ. అమెరికాలో జరిగిన టీమ్ అధ్యయనం, 2012లో వచ్చింది. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు 279 మంది. ఎనిమిది వారాలకి రిస్పెరిడోన్‌తో 68.5 శాతం మందికి నెమ్మదించింది. లిథియంతో 35.6, డైవాల్‌ప్రోయెక్స్ అనే మూడో మందుతో 24. మీ డాక్టర్ గారు తోచినట్టు రాయలేదు. కానీ రిస్పెరిడోన్ పిల్లలు ఆ రెండు నెలల్లోనే సగటున మూడు కిలోల పైన పెరిగారు. మా పాపకి యూనిఫాం రెండుసార్లు కుట్టించాం. క్లాసులో మాటలు పడలేక మాత్ర దిండు కింద దాచేది. నాకు నెల తర్వాత తెలిసింది.

పీజీ సైకియాట్రీ, కర్నూలు: లిథియాన్ని తీసిపారేయొద్దు. 2015లో 7–17 ఏళ్ల 81 మందిపై ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే లిథియమే మెరుగు, బరువులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే రక్తంలో దాని మోతాదు, కిడ్నీ, థైరాయిడ్ చూపిస్తూ ఉండాలి. మన ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. ఒళ్లునొప్పులకని ఇబుప్రోఫెన్ వేసినా అంతే. ఈ రెండు అధ్యయనాల్లో పోలిక ఎనిమిది వారాలదే. ఏళ్ల తరబడి వాడకం గురించి వాటిని పట్టుకుని తేల్చలేం.

వరంగల్ నాన్న: మందుతో పాటు ఇల్లు కూడా మారాలి తల్లీ. అమెరికా సైకాలజిస్టు డేవిడ్ మిక్లోవిట్జ్ బృందం 2020లో, ఇంట్లో బైపోలార్ ఉండి తమలోనూ లక్షణాలు మొదలైన 127 మంది పిల్లల్ని చూసింది. కుటుంబమంతా కలిసి 12 సార్లు కౌన్సెలింగ్‌కి వెళ్లినవాళ్లలో జబ్బు తర్వాతి విడత ఆలస్యంగా వచ్చింది. నేను మా అబ్బాయిని "బద్ధకం" అని తిట్టిన తిట్లకి ఇప్పటికీ కుమిలిపోతున్నా.

గుంటూరు అమ్మ: నేనూ తిట్టానండీ, బెల్టు కూడా తీశాను. సోమవారం వెళ్తున్నాం. బరువు, షుగర్ ఇప్పుడే రాసి పెట్టమంటాను. మందు ఆపను. దిండు కింద చూస్తాను, వాణ్ణి ఏమీ అనకుండా.