టికెట్ పాత రూల్‌లో కొన్నాను, ప్రయాణం కొత్త రూల్‌లో. మైళ్లు వస్తాయా?

ఆరేళ్లుగా ఒకే ఎయిర్‌లైన్ ఖాతాలో మైళ్లు (విమానం ఎక్కినందుకు ఇచ్చే పాయింట్లు) కూడబెట్టుకుంటున్నాను. దాని భాగస్వామి విమానం ఎక్కినా, ఎంత దూరం వెళ్తే అన్ని మైళ్లు పడేవి. వచ్చే నెల నుంచి టికెట్ మీది బుకింగ్ క్లాస్ అక్షరాన్ని (అది ఏ రకం ఛార్జీ టికెట్టో చెప్పే అక్షరం) బట్టి ఆ దూరంలో కొంత శాతమే ఇస్తారట. చవక ఎకానమీ అక్షరాలకైతే సున్నా! 2015లో అమెరికా ఎయిర్‌లైన్లు డెల్టా, యునైటెడ్ తమ సొంత విమానాల్లో దూరం లెక్క వదిలేసి టికెట్ ధరను బట్టి మైళ్లివ్వడం మొదలుపెట్టినప్పుడు, మనకెందుకులే అనుకున్నాను. ఇప్పుడు నా దాకా వచ్చింది.

నా టికెట్ మార్పు ప్రకటించక ముందే కొన్నది. ప్రయాణం మాత్రం ఆ తర్వాత. లెక్కలోకి వచ్చేది కొన్న తేదీయా, ఎక్కిన తేదీయా? కస్టమర్ కేర్‌లో ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు.

ఇంకొకటి. నా ఎయిర్‌లైన్, దాని భాగస్వామి రెండూ స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలోవే. చెకిన్ అప్పుడు అదే అలయన్స్‌లోని వేరే ఎయిర్‌లైన్ మెంబర్ నంబర్ ఇస్తే మైళ్లు అక్కడ పడతాయని తెలుసు. కానీ అలా చేస్తే నా ఎయిర్‌లైన్ గోల్డ్ మెంబర్ కార్డుతో ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లోకి రానిస్తారా? ఇలా చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. మైళ్లు పడకపోతే చూపించడానికి బోర్డింగ్ పాస్‌లు మాత్రం పారేయకుండా దాస్తున్నాను.