కట్టెల ఫైర్‌ప్లేస్ వెలిగించగానే గదిలోకి పొగ వస్తోంది: కారణమేమిటి?

కొలంబస్_శారద:
ఒహాయోలో ఈ మధ్యే పాత ఇల్లు కొనుక్కున్నాము. ఇటుకల ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు వెలిగించిన కాసేపటి వరకు పొగ గదిలోకే వచ్చి, ఆ తర్వాత సర్దుకుంటోంది. డ్యాంపర్ (పొగగొట్టాన్ని మూసే, తెరిచే పలక) పూర్తిగా తెరిచే ఉంచుతున్నాము. ఇంట్లో పసిపాప ఉన్నందున అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

మిన్నెసోటా_రావు:
శారద గారూ, మీ పొగగొట్టం ఇంటి బయటి గోడకు ఆనుకుని ఉందా? వేడి గాలి తేలికై పైకి లేస్తుంటే ఆ ఖాళీలోకి గదిలోని గాలి మంట మీదుగా చేరుతూ ఉంటుంది. పొగను పైకి లాగేది ఈ ప్రవాహమే. బయటి గోడ పొగగొట్టంలో రాత్రంతా చల్లబడిన బరువైన గాలి నిండి ఉంటుంది కాబట్టి, అది కదిలే వరకు పొగకు దారి దొరకదు. ఒక వార్తాపత్రికను గట్టిగా చుట్టి, వెలిగించి, డ్యాంపర్ కింద కాసేపు పట్టుకుంటే గొట్టం వేడెక్కుతుంది. కట్టెలు ఆ తర్వాతే ముట్టించండి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ఆపి చూడండి.

కొలంబస్_శారద:
బయటి గోడకే ఉందండీ. ఫ్యాన్ ఆపి, పక్క కిటికీ కొద్దిగా తెరిచి వెలిగిస్తే పొగ చాలా తగ్గింది. పాత కిటికీలు మార్చి కొత్తవి బిగించడం వల్ల ఇంట్లోకి గాలి రావడం తగ్గి ఉంటుందా?

మిన్నెసోటా_రావు:
తప్పకుండా. ఫ్యాన్ బయటికి తోసిన గాలికి బదులు గాలి ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. కిటికీలు బిగుసుకుంటే అది పొగగొట్టం నుంచే దిగుతుంది. గొట్టం ఎత్తు కూడా గమనించండి: పైకప్పును దాటే చోటి నుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల లోపు ఉన్న ఏ భాగంకన్నా 2 అడుగులు ఎత్తుండాలి.

వెర్మాంట్_ప్రసాద్:
పొగ కంటికి కనబడుతుంది కాబట్టి వెంటనే జాగ్రత్త పడతాము. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది లోపల పేరుకునే క్రియోసోట్. పచ్చి కట్టెలు, గాలి చాలక నివురుగప్పినట్లు కాలే మంట, చల్లని గొట్టం కలిస్తే, పూర్తిగా కాలని పొగ గోడలకు తారులా అంటుకుంటుంది. తొలుత అది పొడి మసి, బ్రష్షుకు రాలిపోతుంది. ముదిరితే నిగనిగలాడే నల్లటి గట్టి పూత అవుతుంది, దాన్ని మామూలు బ్రష్షు కదిలించలేదు. పూత అంగుళంలో ఎనిమిదో వంతుకు చేరితే శుభ్రం చేయించాల్సిందే. ఆ పూతకు నిప్పంటుకుంటే రైలు వెళుతున్నట్లు హోరు వినిపిస్తుంది. వెంటనే అందరూ బయటికి వచ్చి 911కు ఫోన్ చేయాలి. మంట ఆరినా, గొట్టం లోపలి మట్టి పెంకుల పొర పగిలిందేమో కెమెరాతో చూపించనిదే మళ్లీ వెలిగించకూడదు.

కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. మీటరును మొద్దు పైభాగంలో గుచ్చితే సరిపోదు. మొద్దును చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మీద కొలవాలి. ఓక్ మొద్దులైతే ఆరడానికి రెండేళ్లు కూడా పట్టవచ్చు. రంగు వేసినవి, మందు పట్టించినవి అసలు కాల్చవద్దు.

న్యూజెర్సీ_లక్ష్మి:
శారద గారూ, ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం) 211 ప్రమాణం ప్రకారం ఏటా ఒకసారి తనిఖీ ఉండాలి. ఇల్లు చేతులు మారినప్పుడైతే కెమెరాతో లోపలంతా చూసే రెండో స్థాయి తనిఖీ అవసరం. మీరు ముందు చేయించవలసింది అదే. మాకు వచ్చిన ఒక మనిషి కింది నుంచి టార్చి వేసి చూసి, అంతా బాగుందని డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. ఫోటోలు ఇవ్వనివారికి పని అప్పగించకండి. పైన జాలీ మూత లేకపోతే చిమ్నీ స్విఫ్ట్ పిట్టలు గూడు కడతాయి. వాటికి చట్టరక్షణ ఉంది, గుడ్లుండగా గూడు తీయకూడదు. అవి శరత్కాలంలో దక్షిణ అమెరికాకు వెళ్లిపోయాక మూత బిగించుకోవచ్చు.

వెర్మాంట్_ప్రసాద్:
పాప ఉన్న ఇల్లు కనుక మరొక మాట. నిద్రకు ముందు చలిగాలి వస్తోందని డ్యాంపర్ మూసేయకండి. బూడిద కింద నిప్పు ఉన్నంతసేపూ కార్బన్ మోనాక్సైడ్ పుడుతూనే ఉంటుంది, దానికి వాసన ఉండదు. పడకగదుల దగ్గర అలారం పెట్టి, బ్యాటరీ సరిచూసుకోండి. బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలోకి ఎత్తి, ఇంటికి, చెక్క వసారాకు దూరంగా నేల మీద ఉంచండి. లోపలి నిప్పుకణికలు రోజుల తరబడి ఆరకుండా ఉండవచ్చు.