సాల్మింగ్ ఓర్చుకున్నాడు కాబట్టే గెలిచాడా?

మిసిసాగా_మూర్తి
మొన్న మా అసోసియేషన్‌లో పిల్లలకి కెరీర్ గురించి నాలుగు మాటలు చెప్పమంటే ఐస్ హాకీ ఆటగాడు బోర్యె సాల్మింగ్ గురించి చెప్పాను. ఒకాయన మధ్యలోనే లేచి "తెల్లవాళ్ళ హాకీ మనకెందుకండీ" అన్నాడు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ళకి: స్వీడన్ ఉత్తరాన కిరునా అనే ఇనుప గనుల ఊళ్ళో 1951లో పుట్టాడు. ఐదేళ్ళ వయసులో తండ్రి గని ప్రమాదంలో పోయాడు. 1973లో ఇక్కడికి, కెనడాకి, టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టుకి డిఫెన్స్ ఆడ్డానికొచ్చాడు. అప్పట్లో స్వీడన్ వాళ్ళంటే ఇక్కడ "పిరికిపందలు" అని లోకువ. ఏ ఊరెళ్ళినా కర్రలతో కొట్టారు, మోచేతులతో పొడిచారు, నోటికొచ్చినట్టు తిట్టారు. కిక్కురుమనలేదు. లీఫ్స్‌కి 16 సీజన్లు, చివర డెట్రాయిట్‌కి ఒకటి. మొత్తం 1148 మ్యాచ్‌లు, 787 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి). 1996లో హాకీ మేటి ఆటగాళ్ళకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం. కొత్త దేశంలో గౌరవం అడిగితే రాదు, ఓర్చుకుంటే వస్తుంది. నేను చెప్పింది ఇంతే.

పక్_పురాణం
ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే లీఫ్స్ ఆడే ఈ ఉత్తర అమెరికా హాకీ లీగ్‌లో, మొదటి స్వీడన్ ఆటగాడు ఇతను కాదండీ. ఉల్ఫ్ స్టెర్నర్, 1965, న్యూయార్క్ రేంజర్స్.

మిసిసాగా_మూర్తి
మొదటివాడని నేనెక్కడన్నాను?

పక్_పురాణం
అనలేదు. చదివినవాళ్ళకి అలాగే అనిపిస్తుంది. స్టెర్నర్ ఆడింది నాలుగు మ్యాచ్‌లే అయినా మొదటివాడు మొదటివాడే.

డౌన్‌టౌన్_దాసు
మూర్తి గారూ, "కిక్కురుమనలేదు" అన్నారు. తప్పాటకి బయట కూర్చోబెట్టిన పెనాల్టీ నిమిషాలు అతని ఖాతాలో 1344 ఉన్నాయి. నోరు మూసుకుని కూర్చున్నవాణ్ణి అంతసేపు పెనాల్టీ బాక్సులో ఎందుకు కూర్చోబెడతారు? కొడితే తిరిగి కొట్టాడు. మీరు పిల్లలకి సగం కథే చెప్పారు.

మిసిసాగా_మూర్తి
1344ని 1148తో భాగించు దాసూ. మ్యాచ్‌కి నిమిషం పైచిలుకు. డిఫెన్స్‌మన్‌కి అదో లెక్కా? కాలు అడ్డంపెట్టినా రెండు నిమిషాలు పడతాయి. 1978లో సీజన్ చివరి ప్లేఆఫ్స్‌లో ఐలాండర్స్ జట్టుతో ఆడుతుండగా కర్ర తగిలి కంటికి గాయమైంది. 1986లో గోల్ ముందు పడిపోతే ఎదుటివాడి స్కేటు ముఖం మీదుగా పోయింది, 200 పైన కుట్లు. మళ్ళీ వచ్చి ఆడాడు. ఎగిరొచ్చే పక్‌కి (హాకీ బిళ్ళకి) ఒళ్ళు అడ్డంపెట్టేవాడు. దీన్ని ఓర్పు అనక ఏమంటారు?

డౌన్‌టౌన్_దాసు
దెబ్బలకి ఓర్చుకోవడం వేరు, అవమానానికి ఓర్చుకోవడం వేరు. మీరు రెండూ కలిపేస్తున్నారు.

ఓరుగల్లు_వీరన్న
హాకీ ముచ్చట నాకు తెల్వదు గానీ గా కుట్ల సంగతి సదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

శ్రీలత_ఎడ్మంటన్
ఇద్దరూ ఇంగె హమ్మర్‌స్ట్రోమ్‌ని వదిలేశారు. 1973లో సాల్మింగ్‌తో కలిసి అదే జట్టుకొచ్చిన స్వీడన్ ఫార్వర్డ్. ఏడాదికి ఇరవై గోల్స్ అటూ ఇటూ వేశాడు. చేతకానివాడైతే కాదు. అయినా సొంత జట్టు యజమాని హెరాల్డ్ బల్లార్డే పత్రికలవాళ్ళ ముందు, జేబులో గుడ్లు పెట్టుకుని, ఆటగాళ్ళు గుద్దుకునే మైదానం మూలకెళ్ళినా ఒక్కటీ పగలదని, అంటే దెబ్బలకి భయపడతాడని ఎగతాళి చేశాడు. 1977లో సెయింట్ లూయిస్ జట్టుకి ట్రేడ్ చేసేశారు. ఇతనూ తిట్లు తిన్నాడు, ఓర్చుకున్నాడు. మరి ఇతనికేదీ మీరన్న గౌరవం?

ఇంకో సంగతి. ఈ స్వీడన్ వాళ్ళని అందరికంటే ఎక్కువ బాదిన జట్టు ఫిలడెల్ఫియా ఫ్లయర్స్. కొట్టుడు ఆటతోనే 1974, 75ల్లో లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచింది. తర్వాత అదే ఫ్లయర్స్‌కి హమ్మర్‌స్ట్రోమ్ యూరప్‌లో స్కౌట్‌గా, కొత్త ఆటగాళ్ళని వెతికేవాడిగా పనిచేశాడు. 1991లో వాళ్ళు స్వీడన్ కుర్రాడు పీటర్ ఫోర్స్‌బర్గ్‌ని ఎంచుకున్నది ఇతని కళ్ళతో చూసే.

మిసిసాగా_మూర్తి
అదీ ఓర్పు ఫలమే కదమ్మా. కోపం పెట్టుకుని వెళ్ళిపోయి ఉంటే ఆ ఉద్యోగం ఎవరిస్తారు?

శ్రీలత_ఎడ్మంటన్
ఏది చెప్పినా మీ బుట్టలోనే వేసుకుంటారు, భలేవారే.

గోదారి_గోలీ
అసలు సాల్మింగ్ ఇమిగ్రంటేనా? 1990లో స్వీడన్ వెళ్ళిపోయి అక్కడి ఎఐకె జట్టుకి ఆడుకున్నాడు. కాంట్రాక్టు అయ్యాక ఇంటికి పోయినవాణ్ణి మనం ఇమిగ్రంట్ అంటామా? పైగా తెల్లవాడు. హెల్మెట్ పెడితే తేడా ఎవడికి తెలుస్తుంది?

డౌన్‌టౌన్_దాసు
తండ్రి వైపు సామి తెగ, ఉత్తరాది ఆదివాసులు. స్వదేశంలోనే మైనారిటీ. పదిహేడేళ్ళు ఇక్కడ బతికినవాణ్ణి చుట్టపుచూపుగా వచ్చాడంటారా?

పక్_పురాణం
పదిహేడు సీజన్లు. సీజన్ అంటే ఏడాది కాదు.

మిసిసాగా_మూర్తి
ఎవరి గోల వారిదే. నా వాదనకి సాక్ష్యం 1976. దేశాల మధ్య జరిగే కెనడా కప్‌లో స్వీడన్ జెర్సీ వేసుకుని లీఫ్స్ సొంత స్టేడియం మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో దిగితే టొరంటో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వచ్చి మూడేళ్ళే! మరుసటి ఏడాది, లీగ్‌లో మేటివాళ్ళని ఏటా ఎంచే ఆల్‌స్టార్ మొదటి జట్టులోకి వెళ్ళాడు. యూరప్‌లో ఆట నేర్చుకుని వచ్చినవాళ్ళలో ఎవరికీ అంతకుముందు దక్కనిది.

డౌన్‌టౌన్_దాసు
జనం చప్పట్లు సరే. లీగ్ ఏం చేసింది? ఎప్పుడో ఒకప్పుడు కొకైన్ వాడానని 1986లో పత్రికతో తనంతట తాను చెప్తే సీజనంతా నిషేధమన్నారు. తర్వాత 8 మ్యాచ్‌లకి తగ్గించారనుకోండి. బెస్ట్ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీలో రెండుసార్లు రెండో స్థానం. యూరప్‌వాడికి అది మొదటిసారి దక్కింది 2001లో, స్వీడన్ వాడే అయిన లిడ్‌స్ట్రోమ్‌కి. సాల్మింగ్ 21వ నంబరుని ఇంకెవరికీ ఇవ్వకుండా లీఫ్స్ రిటైర్ చేసింది 2016లో. 2022 నవంబరులో ఎఎల్‌ఎస్ అనే నరాల జబ్బుతో మాట పడిపోయిన మనిషిని మంచు మీదికి తీసుకొచ్చి సన్మానం చేశారు, రెండు వారాలకి పోయాడు. ఈ ఆలస్యానికి "ఓర్పు" అని పేరుపెట్టి పిల్లలకి నేర్పిస్తారా?

మిసిసాగా_మూర్తి
దాసూ, నువ్వు హాకీ గురించి మాట్లాడట్లేదు.

డౌన్‌టౌన్_దాసు
లేదు. మీరూ మాట్లాడట్లేదు. నా పాత కంపెనీలో మీటింగ్‌లో మేనేజర్ నా ఉచ్చారణని వెక్కిరిస్తూ అనుకరిస్తే పదిమందీ నవ్వారు. ఒకసారి కాదు. హెచ్‌ఆర్‌కి రాశాను, ఏమీ కాలేదు, మానేశాను. ఆ వారం మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ "కొంచెం ఓర్చుకోవాల్సిందయ్యా" అన్నది మీరు. ఇప్పుడు అదే మాట సాల్మింగ్ జెర్సీ తొడిగి పిల్లలకి చెప్తున్నారు.

ఓరుగల్లు_వీరన్న
గిప్పుడు సమజైంది అసలు లొల్లి.

మిసిసాగా_మూర్తి
అన్నాను, కాదనను. చేతిలో ఇంకో ఉద్యోగం లేదు, మార్ట్‌గేజ్ ఉంది, చిన్నపిల్ల ఉంది. ఎవరన్నా అదే చెప్తారు. నేనొచ్చిన కొత్తల్లో "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్" లేదని వేర్‌హౌస్‌లో పెట్టెలు మోశాను, ఇంజనీరింగ్ డిగ్రీ పెట్టుకుని. అప్పుడు నేనూ అలిగి కూర్చుంటే మా పిల్లల చదువులు సాగేవా?

డౌన్‌టౌన్_దాసు
మీరు మోశారు కాబట్టి నేనూ మొయ్యాలా? ఉద్యోగం మానేశాక ఆరునెలలూ ఇల్లు మా ఆవిడ జీతంతో గడిచింది, మీ సలహాతో కాదు.

శ్రీలత_ఎడ్మంటన్
మూర్తి గారూ, ఒక్కటి చెప్పండి. ఆ హాల్లో కూర్చున్న పిల్లల్లో ఎవరినైనా రేపు స్కూల్లో వెక్కిరిస్తే, మీ మాట విన్నాక వాడు టీచర్‌కి చెప్తాడా, చెప్పడా?

మిసిసాగా_మూర్తి
టీచర్‌కి చెప్పొద్దని నేననలేదు. పిల్లల సంగతి వేరు, ఉద్యోగం సంగతి వేరు. దాసూ, ఫోను చేశాను, ఎత్తలేదు. ఇవన్నీ ఇక్కడ మాట్లాడుకునేవి కావు.

డౌన్‌టౌన్_దాసు
ఎత్తను. మీరు హాల్లో అందరి ముందూ చెప్పారు కదా, నాక్కూడా ఇక్కడే అందరి ముందూ చెప్పండి.