సైకియాట్రీ ఓపీకి ఒకసారి వెళ్లినవాళ్లు రెండోసారి ఎందుకు మానేస్తున్నారు? తెలిసినవాళ్లు వివరాలు రాయండి

ఆశా_శిక్షణ:
మండలంలో ఆశా కార్యకర్తల కోసం ఒక పేజీ కాగితం తయారుచేస్తున్నాం. డిప్రెషన్ ఉన్న మనిషిని ఆసుపత్రి మెట్లు ఎక్కించడమే కష్టం, రెండోసారి ఎక్కించడం ఇంకా కష్టం. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్న వందమందిలో సుమారు 85 మందికి వైద్యం అందడం లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో మన రెండు రాష్ట్రాలూ లేవు. అయినా ఇక్కడ పరిస్థితి వేరుగా ఉంటుందని నేననుకోను. వైద్యం మొదలుపెట్టినవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారు, ఏం చేస్తే ఆగకుండా ఉంటారు? మీకు తెలిసింది చెప్పండి.

జనరల్_ఓపీ:
చాలామంది సైకియాట్రీ దాకా రాకముందే ఆగిపోతారండీ. మన దగ్గర ఎవరూ "దిగులుగా ఉంది డాక్టరుగారూ" అంటూ రారు. నీరసం, ఒళ్లునొప్పులు, గుండెదడ, గ్యాస్, తల దిమ్ము, తెల్లవారుజామున మూడింటికే మెలకువ అంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సెలైను, ఒక బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్ ఇస్తాడు. రెండు రోజులు బాగున్నట్టుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత పట్నంలో ఈసీజీ, ఎండోస్కోపీ.

పరీక్షలు వద్దని కాదు. థైరాయిడ్ (టీఎస్‌హెచ్), హిమోగ్లోబిన్, బి12, షుగర్ చూడాలి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తగ్గినా మనిషి అచ్చం ఇలాగే ఉంటాడు. అసలు తప్పు ఆ తర్వాత జరుగుతుంది. "రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు పో" అంటాం. బాధపడుతున్న మనిషికి అది "అబద్ధం ఆడుతున్నావు" అన్నట్టు వినిపిస్తుంది. "బాధ నిజమే, అది ఈ పరీక్షల్లో కనబడే రకం కాదు" అంటే ఆ మనిషి తర్వాతి మాట వింటాడు.

ఆశాలు అడగాల్సినవి రెండే ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? ఎక్కువ రోజులు అలాగే ఉందంటే డిప్రెషన్ ఎంతుందో స్కోరు వేసే తొమ్మిది ప్రశ్నల జాబితా, పీహెచ్‌క్యూ-9, చేయించండి. 27కి 10 గానీ అంతకుమించి గానీ వస్తే డాక్టరుకు చూపించాల్సిందే. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి "అవును" వస్తే మొత్తం స్కోరు ఎంత తక్కువున్నా ఆ రోజే చూపించాలి.

ఓపీ_సిస్టర్:
ముందు డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. ఏరియా ఆసుపత్రిలో, సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) మాత్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం టీమ్ ఫలానా రోజనే వస్తుంది. రోజుకూలీ వదులుకుని వచ్చిన మనిషి "ఇవాళ డాక్టరుగారు లేరు" అనే మాట విని వెనక్కి వెళ్తే మళ్లీ రాడు.

డాక్టరు దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే. అందుకే అర పేజీ రాసుకుని వెళ్లాలి: ఎప్పటినుంచి, నిద్ర ఎన్ని గంటలు, తిండి, బరువు, ఏ పనులు ఆగిపోయాయి, మద్యం, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. వాడుతున్న మాత్రల పేర్లు నోటితో చెప్పేకన్నా ఖాళీ స్ట్రిప్పులు సంచిలో వేసుకెళ్తే మేలు. ఇంకో సంగతి అడిగినా అడక్కపోయినా చెప్పాలి: నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, ఆగని మాటలు, ఇష్టమొచ్చినట్టు ఖర్చు ఇంతకుముందు కొన్ని రోజులపాటు ఉన్నాయా? ఉంటే అది బైపోలార్ (దిగులు, విపరీతమైన హుషారు మారిమారి వచ్చే జబ్బు) కావచ్చు. ఉత్త డిప్రెషన్ మాత్ర ఇస్తే హుషారు మళ్లీ ఎగదన్నే ప్రమాదం ఉంది.

వెంట వచ్చినవాళ్లే మొత్తం మాట్లాడేస్తుంటారు. రెండు నిమిషాలు పేషెంటుతో విడిగా మాట్లాడమని డాక్టరును అడగండి, ముఖ్యంగా కోడళ్ల విషయంలో.

మందుల_కౌంటర్:
నా లెక్కలో ఎక్కువమంది మానేసేది మూడో రోజుకీ పదిహేనో రోజుకీ మధ్య. కారణం ఒకటే. దుష్ప్రభావం మొదటి వారంలోనే వస్తుంది, మంచి గుణం రెండు నుంచి నాలుగు వారాలకు గానీ మొదలవదు. మాత్ర పనిచేసిందో లేదో తేల్చడానికి సరైన మోతాదులో ఆరు వారాలు చూడాలి. ఈ మాట చీటీ మీద రాసి ఉండదు.

డిప్రెషన్ మాత్రల్లో ఎస్సిటలోప్రామ్ మామూలుగా 5 మి.గ్రా.తో మొదలై 10కి వెళ్తుంది. సెర్ట్రలిన్ 25తోనో 50తోనో మొదలుపెడతారు. వికారం, తలనొప్పి, కాస్త ఆందోళన, విరేచనాలు వస్తాయి, ఎక్కువమందికి వారం పదిరోజుల్లో సర్దుకుంటాయి. తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. మొదటి వారాల్లో ఆందోళన బాగా పెరిగినా, చావు ఆలోచనలు ఎక్కువైనా మాత్రం తర్వాతి ఓపీ దాకా ఆగకుండా వెంటనే చూపించాలి, కుర్రవాళ్ల విషయంలో మరీను.

మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ గానీ ఐబుప్రోఫెన్ గానీ ఈ మాత్రలతో కలిపి వాడితే కడుపులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ట్రమడాల్ అయితే డాక్టరుకు చెప్పకుండా అసలు కలపకూడదు. పెద్దవయసువాళ్లకు కొత్తగా తికమక, తూలడం వస్తే సోడియం పరీక్ష చేయించాలి. ఈ మాత్రలతో అది పడిపోవచ్చు.

ఇక ఎస్సిటలోప్రామ్, క్లోనజెపామ్ (ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే మందు) కలిసిన మాత్ర. ఆ మొదటి వారాలు గడవడానికి క్లోనజెపామ్ సాయపడుతుంది, అది వేసుకున్న రాత్రి నుంచే నిద్ర పడుతుంది కూడా. చిక్కు కూడా అక్కడే. రెండు నుంచి నాలుగు వారాలకని రాసినదాన్ని పాత చీటీ చూపించి నెలల తరబడి కొంటారు. క్లోనజెపామ్ అలవాటు పడుతుంది. "ఇక బాగైంది" అని ఒక్కసారి మానేస్తే నిద్ర పూర్తిగా పోతుంది, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. "చూశావా, మానితే మళ్లీ వచ్చింది, ఇది జీవితాంతం మందు" అని ఊరంతా అనుకుంటుంది.

ఆశా_శిక్షణ:
ఆ కాంబినేషన్ ఏడాదిగా వేసుకుంటున్నవాళ్లకు ఏం చెప్పాలండీ?

మందుల_కౌంటర్:
సొంతంగా ఆపొద్దని చెప్పండి. డాక్టరు దాన్ని రెండు విడి మాత్రలుగా మారుస్తారు. ఎస్సిటలోప్రామ్ అలాగే ఉంచి, క్లోనజెపామ్ మాత్రం వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఒకే మాత్రగా ఉంటే ఒకదాన్ని తగ్గించి ఇంకోదాన్ని ఉంచడం కుదరదు. చీటీలో ఆ మార్పు అడిగి రాయించుకోవాలి. జన్ ఔషధి కేంద్రానికి వెళ్తే బ్రాండు పేరు కాకుండా మందు పేరు చెప్పండి.

ఎస్సిటలోప్రామ్ అయినా సరే, పూర్తిగా బాగయ్యాక మరో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. తర్వాత కూడా నెమ్మదిగానే తగ్గించాలి, లేకపోతే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండడం వస్తాయి. అది అలవాటు పడడం కాదు, హఠాత్తుగా ఆపినందుకు వచ్చే ఇబ్బంది.

చట్టం_సంగతి:
క్యాజువాలిటీ సంగతి ఎవరూ రాయలేదు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని "పోలీసు కేసవుతుంది" అన్న భయంతో ఇంట్లోనే ఉంచి గంటలు పోగొడుతున్నారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 115 ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇస్తుంది, అది రికార్డు కోసం. దానికి భయపడి 108కి ఫోన్ చేయడం ఆపొద్దు.

ఇన్సూరెన్స్: అదే చట్టం 21వ సెక్షన్ శరీర జబ్బుతో సమానంగా మానసిక జబ్బుకూ కవరేజీ ఇవ్వాలంటుంది. కానీ చాలా పాలసీలు అడ్మిట్ అయితేనే చెల్లిస్తాయి, డిప్రెషన్ వైద్యం ఎక్కువగా ఓపీలోనే జరుగుతుంది. ఓపీ కవర్ ఉందో లేదో చూసుకోండి. ప్రపోజల్ ఫారంలో పాత వైద్యం దాస్తే తర్వాత క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణమవుతుంది.

ఫోన్_లైన్:
ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ-మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. మాత్ర మొదలుపెట్టిన వారంలో "ఇది మానేయనా?" అని అడగడానికి కూడా చేయొచ్చని జనానికి తెలియదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం 108 లేదా 112.

ఓపీ_సిస్టర్:
గుడికో దర్గాకో వెళ్తామంటే అడ్డుపడొద్దు, మాత్ర మానొద్దని మాత్రం చెప్పండి. ఉపవాసమైతే రోజుకొక మాత్ర వేళను డాక్టరుతో మాట్లాడి రాత్రికి మార్చుకోవచ్చు. రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత వేసుకునేలా.

పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే దాన్ని ఇంటి బయట తాళం వేసి పెట్టించండి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండాలి. మాత్రలు కూడా నెల మొత్తం ఒకేసారి చేతికివ్వకుండా, వారానికి సరిపడా ఇంట్లోవాళ్లు తీసివ్వాలి. అమిట్రిప్టిలిన్ లాంటి పాత రకం మాత్రలైతే ఇది తప్పనిసరి, ఎక్కువ మోతాదులో అవి గుండెకు ప్రమాదం.

ఆశా_శిక్షణ:
అందరికీ నమస్కారం. కాగితంలో ఆశాలు 3వ రోజు, 10వ రోజు, 21వ రోజు ఇంటికి వెళ్లాలని పెడుతున్నాం. మూడో రోజు వికారం గురించి, పదో రోజు "ఇంకా వేసుకుంటున్నారా" అని, ఇరవై ఒకటో రోజు నిద్ర, తిండి, పని గురించి అడుగుతారు. చావు ఆలోచనల ప్రశ్న మూడు సార్లూ ఉంటుంది. కాంబినేషన్ మాత్ర సంగతి అన్నిటికన్నా పైన వేస్తున్నాం.

జనరల్_ఓపీ:
42వ రోజు కూడా చేర్చండి. డాక్టరు మోతాదు పెంచాలో మందు మార్చాలో తేల్చేది అప్పుడే. ఆ రోజు పీహెచ్‌క్యూ-9 మళ్లీ చేయించి, పాత స్కోరు పక్కన కొత్త స్కోరు రాసి పంపండి.