చిరిగిన కన్వర్టిబుల్ టాపు: ఇంట్లో అతుకేసుకోవాలా, మొత్తం మార్చాలా?

పాండు_టెక్సస్:
డల్లాస్ దగ్గర ఉంటాను. 1996 మజ్దా మియాటా, టాపు మడిచి వెనక్కి దించేసే రెండు సీట్ల కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నల్ల వినైల్ టాపు, వెనక జిప్పు ఉన్న ప్లాస్టిక్ కిటికీ. డ్రైవర్ తల పక్కన టాపు మడత పడే చోట అంగుళం చిరుగు ఉంది. దాని పక్కనే కుట్టు ఊడొస్తోంది. వెనక కిటికీ పచ్చబడి, అడ్డంగా చిన్న పగులు పట్టింది. వాన పడితే సీటు వెనక కార్పెట్ తడిసిపోతోంది. షాపాయన చూసి "మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. అడిగిన డబ్బు కారు కొన్న ధరలో సగం. అంగుళం చిరుగుకి అంత పెట్టడం దండగ కాదా? అతుకేసుకుంటే పోయేదేముంది?

సూదిదారం:
ఏమీ పోదు. నిక్షేపంగా వేసుకోండి. ముందు చిరుగు చుట్టూ రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆర్మర్ ఆల్ లాంటి మెరుపు నూనె ఏదైనా రాసి ఉంటే జిగురు పట్టదు. అతుకు లోపలి వైపు నుంచి వేయాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. మూల కోసుగా ఉంటే లేవడం అక్కడే మొదలవుతుంది. ఊడిన కుట్టుకి వంపు సూది, బయట వాడే పాలిస్టర్ దారం తెచ్చుకుని పాత రంధ్రాల్లోంచే కుట్టండి. కొత్తగా పొడిచిన ప్రతి రంధ్రమూ నీళ్లకి దారే. చివర్న కుట్టు మీద సీమ్ సీలర్, అంటే కుట్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగకుండా మూసే జిగురు, పూయండి. టెంట్లకి వాడేదే చాలు.

గుంటూరోడు_ఎన్‌జే:
సూదిదారం గారూ, చెప్పిన పద్ధతి బాగుంది, చేయబోయే టాపు బాగాలేదు. వినైల్‌ని మెత్తగా ఉంచే పదార్థం టెక్సస్ ఎండకి ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. చివికిన లుంగీకి కొత్త గుడ్డ అతికితే చిరుగు అతుకు అంచున మొదలవుతుంది కదా, ఇదీ అంతే. పైగా మడతలో వేస్తున్నారు. టాపు దించిన ప్రతిసారీ అతుకు వంగాలి. ఇక దారం అంటారా, ఒక చోట ఎండకి పొడైపోయిందంటే మిగతా కుట్లూ అదే వయసువే.

కావలి_కుర్రోడు:
ఎందుకన్నా ఇంత టెన్షన్. సిలికాన్ ట్యూబు తెచ్చి పూసేయండి, అయిపోద్ది.

లత_ఎం:
తమ్ముడూ, దయచేసి ఎవరికీ ఆ సలహా ఇవ్వకు. ఒకసారి సిలికాన్ పూసిన చోట తర్వాత ఏ జిగురూ పట్టదు, ఎంత గీకినా జిడ్డు మిగిలే ఉంటుంది. వెనిగర్ వాసన వచ్చే రకమైతే కింద ఉన్న ఇనుముకి తుప్పు కూడా. గుడ్డ టాపుకి గాజు కిటికీ అతికించి ఉండే మస్టాంగ్, ఆడీ కార్లలో గాజు ఊడినప్పుడు చాలామంది చేసే పని ఇదే. అక్కడ వాడాల్సింది కారు ముందువైపు అద్దాన్ని అతికించే యురెథేన్ జిగురు, అదీ జిగురు పట్టడానికి కింద ప్రైమర్ పూత వేసి.

పాండు గారూ, మీరు చెప్పినదాంట్లో అసలు విషయం చిరుగు కాదు. చిరుగు మీ తల పక్కన ఉంది. తడి సీటు వెనక ఉంది. టాపు మీద పడిన నీళ్లు వెనక్కి జారి, అంచు కింద ఉండే ప్లాస్టిక్ రెయిన్ రైల్‌లో పడి, రెండు పక్కలా గొట్టాల్లోంచి వెనక చక్రాల ముందు కిందికి పోవాలి. ఆకులూ దుమ్మూ చేరి గొట్టం మూసుకుపోతే నీళ్లు కార్పెట్ మీదికి పొర్లుతాయి. కొన్ని తలుపు కింది డొల్లలోకి చేరి నిలుస్తాయి. మీది లాంటి మొదటి తరం మియాటాల్లో వెనక చక్రం ముందు తుప్పు తినేది అందుకే. టాపు చిరిగితే మార్చుకోవచ్చు, అక్కడ తుప్పు పడితే వెల్డింగే గతి.

సీటు ముందుకి జరిపి, ఒక్కో పక్క గొట్టంలో మెల్లగా నీళ్లు పోయండి. కిందికి ధారగా రావాలి. రాకపోతే గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ దూర్చి కదపండి. ఇనుప తీగ వద్దు, గొట్టానికి చిల్లు పడుతుంది. ఆ రైలు చిరిగి ఉందేమో కూడా చూడండి. చిరిగి ఉంటే మాత్రం గుంటూరు గారి మాటే నిజం, ఎలాగూ టాపు విప్పాలి.

సూదిదారం:
చూశారా! అతుకు చాలు అన్నాను.

లత_ఎం:
అతుకు చాలు అని నేనెక్కడా అనలేదండీ.

ఉప్పల్_జిప్సీ:
హైదరాబాద్ నుంచి ఒక మాట. మా దగ్గర జిప్సీకైనా జీపుకైనా టాపు చిరిగితే సీటు కవర్ల షాపుకి తీసుకెళ్తాం. మిషన్ మీద రెక్సిన్ అతుకేసి సాయంత్రానికి ఇచ్చేస్తాడు, ఏళ్ల తరబడి నడుస్తుంది. అమెరికాలో దీనికింత రభస ఏంటో!

గుంటూరోడు_ఎన్‌జే:
ఉప్పల్ గారూ, జీపు టాపు బటన్లూ బెల్టులూ విప్పితే ఊడొచ్చి మిషన్ కిందికి వెళ్తుంది. మియాటా టాపు ఫ్రేముకి స్క్రూలు, రివెట్లతో బిగించి ఉంటుంది. ఊడదీసి మళ్లీ తొడగడమే సగం పని, ఇక్కడ డబ్బు పోయేది ఆ కూలికే.

అందుకే నా మాట ఇంకోలా చెప్తాను. మార్చండి, కానీ షాపులో కాదు, మీ గ్యారేజీలో. కుట్టి సిద్ధంగా ఉన్న టాపు కిట్లు దొరుకుతాయి. మీ కారుకి గాజు కిటికీ ఉన్నది కూడా సరిపోతుంది, అప్పుడు జిప్పు గొడవ ఉండదు. వెనక మూడు ఇనుప పట్టీలను 10 మిల్లీమీటర్ల నట్లు పట్టుకుని ఉంటాయి, ముందు రివెట్లను డ్రిల్‌తో తీయాలి. కొత్త టాపుని ముందు ఎండలో పరిచి మెత్తబడనివ్వండి. చలిలో లాగితే టాపుని ముందు అద్దం అంచుకి బిగించే లాచీ (గొళ్లెం) అందదు. తోడుగా ఒక మనిషి ఉంటే శని, ఆదివారాల్లో తేలిపోతుంది. వినైల్ వద్దనుకుంటే స్టేఫాస్ట్ గుడ్డ తీసుకోండి, మధ్యలో రబ్బరు పొర ఉంటుంది. ధర ఎక్కువే, ఎండని బాగా ఓర్చుకుంటుంది.

సూదిదారం:
అంగుళం చిరుగుకి రివెట్లు డ్రిల్ చేయమంటారా! వందల డాలర్ల కిట్టు, పైగా ఫ్రేము వంకర పోతే ఎవరిది బాధ్యత? గుంటూరు గారి చేతికి డ్రిల్ ఇస్తే ఊరుకోరు.

గుంటూరోడు_ఎన్‌జే:
చిరుగొక్కటే కాదుగా. కుట్టు పోయింది, కిటికీ పగిలింది. ఇంకేం మిగిలింది, లాచీలా?

పాండు_టెక్సస్:
లత గారు చెప్పినట్టు నీళ్లు పోశాను. కుడి పక్క సాఫీగా పోయాయి. ఎడమ పక్క నిలబడ్డాయి. నైలాన్ తీగ దూర్చి తిప్పితే నల్లటి బురద, ఓక్ ఆకుల ముక్కలు వచ్చాయి. ఆ తర్వాత బకెట్ నీళ్లు పోసినా లోపల చుక్క పడలేదు. రైలు చిరగలేదు.

ఇప్పటికి చిరుగుకి లోపల అతుకు, కుట్టుకి సీలర్, కిటికీ పగులుకి పారదర్శక టేపు. కిటికీకి మాత్రం టేపు నిలవదని తెలుసు. వేసవి తగ్గాక గాజు కిటికీ ఉన్న కిట్టు తెప్పిస్తాను. ప్లేనో, ఫ్రిస్కో వైపు ఎవరి దగ్గరైనా రివెట్ గన్ ఉంటే చెప్పండి. భోజనం మా ఇంట్లో.

సూదిదారం:
గన్ నా దగ్గరుంది. కానీ మార్చే ముందు నా అతుకు ఎన్నాళ్లు నిలిచిందో ఇక్కడ రాయాలి.

గుంటూరోడు_ఎన్‌జే:
మడత దగ్గర ఫోటో తీసి పెట్టండి, దూరం నుంచి కాదు.