సొంత చేనులో పత్తి ఏరితే కొడుక్కి కూలి ఇవ్వాలా?

చండూరు రైతు:
మాది చండూరు పక్కన పల్లె. నాలుగెకరాల పత్తి, రెండు బర్రెలు. బాబుకు పద్నాలుగు నిండాయి, తొమ్మిదో తరగతి. పాప వాడికంటే చిన్నది. దసరా సెలవుల్లో కైకిలోళ్లు దొరక్క పిల్లలిద్దర్నీ చేనుకు తీసుకెళ్లాం. ఈసారి కూలి కిలోకు 12 రూపాయలు. సాయంత్రం తూకం వేస్తుంటే వాడు కూడా తన మూట తెచ్చి కాంటా మీద పెట్టాడు. 23 కిలోలు. "నాకు 276 రూపాయలు రావాలి నాన్నా" అన్నాడు.

మా నాయనకు కోపం వచ్చింది. "సొంత చేన్ల కైకిలేందిరా" అని కసిరాడు. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. నాకు రాత్రంతా నిద్ర లేదు. వాడి వయసులో నేను బత్తాయి చెట్లకు పాదులు తవ్వాను. పైసలు అడగాలని ఉండేది, నోరు రాలేదు. టెన్త్ పరీక్ష ఫీజుకు అమ్మ కోళ్లు అమ్మింది. ఇప్పుడు ఇస్తే రేపు బర్రెకు గడ్డి వేయడానికీ పైసలు అడుగుతాడేమో. ఇవ్వకపోతే చేను మొహమే చూడడేమో. మీ ఇళ్లల్లో ఏం చేశారు?

బాలానగర్ నుంచి:
అన్నా, కూలి ఇచ్చేయండి. వాడు లెక్క సరిగ్గానే కట్టాడు.

మా నాన్న నాకు కూలి ఇవ్వలేదు, గట్టు మీది పదకొండు సీతాఫలం చెట్లు ఇచ్చాడు. కాయలూ నావే, పైసలూ నావే, నష్టమూ నాదే. కళ్లు విచ్చి, వాటి సందులు తెల్లబడ్డాకే కాయ కోయాలి. మొదటి ఏడు తొందరపడి కోశాను. గంపెడు కాయలు మాగకుండా నల్లబడిపోయాయి. ఏడ్చాను. నాన్న ఒక్క మాట అనలేదు, ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. మరుసటి ఏడు విచ్చిన కాయలే ఏరి, గంపలో గడ్డి పరిచి పేర్చుకుని, పొద్దున్నే హైవే పక్కన కూర్చున్నాను. అప్పుడది ఏడో నంబరు రోడ్డు, ఇప్పుడు 44 అంటున్నారు. కర్నూలు వైపు పోయే కార్లు ఆగేవి. పొద్దున చెప్పిన ధర మధ్యాహ్నానికి సగం చేయాల్సిందే, మెత్తబడితే ఎవరూ ముట్టుకోరు. బేరం ఎక్కడ ఆపాలో నాకు అక్కడే తెలిసింది. 2009లో ఆ పైసలతోనే పాత సైకిల్ కొనుక్కుని జడ్చర్ల కాలేజీకి పోయాను.

అందుకే కూలితో ఆపకండి. వచ్చే వానాకాలం నాలుగు సాళ్లు వాడి పేర వదలండి. విత్తనం, యూరియా ఖర్చు వాడి లెక్కలోనే రాయించండి. మీరు సంవత్సరమంతా ఏం మోస్తున్నారో అప్పుడు తెలుస్తుంది వాడికి.

తిప్పర్తి అమ్మ:
పిల్లలిద్దర్నీ తీసుకెళ్లామన్నారు. పాప మూట తూకం వేశారా అన్నా?

నేను పదేళ్లప్పటి నుంచి బర్రెలకు గడ్డి కోశాను, పాలు పిండి కేంద్రానికి మోశాను. పాల పైసలతో తమ్ముడికి క్రికెట్ బ్యాట్ వచ్చింది. నాకు ఏం కావాలని ఎవరూ అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే అడుగుతున్నాను.

పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరు మీదే బ్యాంకులో పొదుపు ఖాతా తెరవొచ్చు. ఇద్దరికీ తెరవండి. సెలవుల్లో సొంత చేనులో సాయానికి 2016లో సవరించిన బాల కార్మిక చట్టం అడ్డు రాదు, కానీ బడి మాన్పించకండి. పురుగుమందు కొట్టే రోజు మాత్రం పిల్లల్ని చేను దరిదాపులకు కూడా రానివ్వొద్దు.

చండూరు రైతు:
అక్కా, తూకం వేయలేదు. నిజంగా నాకు తట్టలేదు. మీరు అడిగాక సిగ్గుపడి పాప మూట విడిగా తీసి వేశాను. 14 కిలోలు, 168 రూపాయలు. ఇద్దరికీ చేతిలో పెట్టాను.

పైసలు తీసుకుని పాప ఒక మాట చెప్పింది. అన్న మంచు ఆరకముందే ఏరడం మొదలుపెట్టాడట, అందుకే బరువొచ్చిందట. నిజమే, పట్టుకుంటే పత్తి చెమ్మగా ఉంది. తేమ 8 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ధర తగ్గిస్తారని వాడికి చెప్పాను. తన మూట తనే విప్పి వాకిట్లో ఆరబోశాడు.

మా నాయనకు ఇంకా ఇష్టం లేదు. బాబు బోరు పక్క నాలుగు సాళ్లు ఎంచుకున్నాడు. పాప వచ్చే వానాకాలం దాకా ఆగనంటోంది. పత్తిలో వేసిన కంది సాళ్లు ఇప్పుడే తనకు రాసివ్వాలట. అవి సంక్రాంతికి కోతకొస్తాయి.